చిన్న పైథాన్ మాడ్యూలును ప్యాకేజీగా కట్టి పంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల్లో కమీషన్ కొట్లకు, చిన్న వ్యాపార సంస్థలకు, కళాశాల ప్రాజెక్టులకు పైథాన్‌లో ప్రోగ్రాములు రాసి ఇచ్చేవారు పదే పదే అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఉదాహరణ అంతటా ఒకటే: మిర్చి యార్డులో కాటా వేసిన టిక్కీల (మిర్చి బస్తాల) మొత్తం బరువు, సంచుల తరుగు, క్వింటా ధర తీసుకుని, రావలసిన సొమ్మును లెక్కగట్టి, లక్షలు కోట్ల పద్ధతిలో కామాలు పెట్టి చూపే ‘మిర్చిలెక్క’ అనే చిన్న మాడ్యూలు. కమాండ్లను, ఫైళ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాశాం. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో రాసుకోవాలి.

## మొదలుపెట్టే ముందు

ఉన్నది ఒక్క ఫైలే కదండీ, వాట్సాప్‌లో పంపితే సరిపోదా?

ఒక్కరికి, ఒక్కసారి ఇచ్చేదైతే సరిపోతుంది. దానికోసం ప్యాకేజీ కట్టడం శ్రమ దండగ. ఇబ్బంది రెండోసారి పంపినప్పుడు మొదలవుతుంది. ఒక కొట్లో మూడు కంప్యూటర్లు ఉంటే ఒకదానిలో పాత ఫైలు, ఇంకొకదానిలో కొత్త ఫైలు, మూడోదానిలో ఎవరో పేరు మార్చి దాచుకున్న నకలు మిగిలిపోతాయి. ఒకే కాటా చీటీకి రెండు మొత్తాలు వచ్చిన రోజున ఏది ఏ ఫైలు చేసిన లెక్కో తేల్చే దారి ఉండదు. ప్యాకేజీగా కడితే వెర్షన్ సంఖ్య, కావలసిన ఇతర లైబ్రరీలు, సరిపడే పైథాన్ ఏదన్న వివరం అన్నీ కోడ్ వెంటే వెళ్తాయి. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ‘పిప్’ అనే పరికరాన్ని ‘పిప్ షో మిర్చిలెక్క’ అని అడిగితే ఆ కంప్యూటర్లో ఏ వెర్షన్ ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది.

మాడ్యూలు, ప్యాకేజీ అని రెండూ వాడుతున్నారు. తేడా ఏమిటి?

పైథాన్ కోడ్ ఉన్న ఒక్క ఫైలు మాడ్యూలు. అలాంటి ఫైళ్లు కొన్ని ఉన్న ఫోల్డరు ప్యాకేజీ. దానిలో సాధారణంగా, రెండేసి అండర్‌స్కోర్ల మధ్య ‘ఇనిట్’ అని పేరు రాసిన ఒక ఫైలు ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, పిప్ ద్వారా తెచ్చుకునే మూటను కూడా వాడుకలో ప్యాకేజీ అనే అంటాం. ఈ మూట పేరు, కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు ఒకటే కావాలన్న నియమం లేదు: ‘పిల్లో’ అని ఇన్‌స్టాల్ చేసి ‘పీఐఎల్’ అని (ఇది మాత్రం పెద్ద అక్షరాలలో) ఇంపోర్ట్ చేస్తాం, ‘సైకిట్-లెర్న్’ అని ఇన్‌స్టాల్ చేసి ‘ఎస్‌కేలెర్న్’ అని ఇంపోర్ట్ చేస్తాం. నియమం లేకపోయినా, కొత్తగా కట్టేవారు రెండింటికీ ఒకే పేరు పెట్టడం మంచిది.

పేరు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చా?

పిప్ ద్వారా ఇన్‌స్టాల్ చేసే పేరుకు వీలు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ మాత్రమే చెల్లుతాయి. పేరు అక్షరంతోగాని అంకెతోగాని మొదలై అలాగే ముగియాలి. పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా లేదు. హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటిగానే లెక్కకు వస్తాయి. అందువల్ల ‘మిర్చి-లెక్క’ అని ఒకరు, ‘మిర్చి_లెక్క’ అని మరొకరు వేర్వేరుగా పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చే ఆన్‌లైన్ గోదాములో) నమోదు చేసుకోలేరు. ఇంపోర్ట్ పేరులో మాత్రం హైఫన్ పనికిరాదు, ఎందుకంటే పైథాన్ దాన్ని తీసివేత గుర్తుగా చదువుతుంది. మాడ్యూలు వర్ణన, వాడే విధానం, లోపలి సందేశాలు తెలుగులో ఎంత రాసినా అభ్యంతరం లేదు.

కొన్ని పాఠాలు ‘సెటప్ డాట్ పై’ రాయమంటున్నాయి, కొన్ని ‘పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్’ అంటున్నాయి. ఏది నమ్మాలి?

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు పైప్రాజెక్ట్ ఫైలునే రాయాలి. పైథాన్‌తో పాటే వచ్చే డిస్ట్‌యుటిల్స్, 2004లో దాని మీద కట్టిన సెటప్‌టూల్స్ చాలా ఏళ్లు రాజ్యమేలాయి. ఆ కాలపు పాఠాలన్నీ సెటప్ ఫైలుతోనే మొదలవుతాయి. ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది: ప్యాకేజీ పేరు తెలుసుకోవాలన్నా ఆ ఫైలులోని కోడ్‌ను నడపవలసి వచ్చేది, నడపడానికి ఏ పరికరాలు కావాలో చెప్పే చోటు ఉండేది కాదు. 2016లో పెప్ 518 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులను ప్రతిపాదించే పత్రం) పైప్రాజెక్ట్ ఫైలును ప్రతిపాదించింది. పేరు, వెర్షన్ వంటి వివరాలను దానిలో ఒకే తీరుగా రాసే పద్ధతిని పెప్ 621 స్థిరపరిచింది. 2023 అక్టోబరులో విడుదలైన పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను పూర్తిగా తొలగించారు. సెటప్ ఫైలు ఇప్పటికీ నిషిద్ధం కాదు. సీ భాషలో రాసిన భాగాలను కంపైల్ చేసే ప్యాకేజీలు దానిని వాడుతూనే ఉన్నాయి. కేవలం పైథాన్ కోడ్ ఉన్న చిన్న మాడ్యూలుకు దాని అవసరం లేదు. ‘పైథాన్ సెటప్ డాట్ పై ఇన్‌స్టాల్’ అని కమాండ్ ఇవ్వమనే పాఠం కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

## ఫోల్డర్లు, వివరాలు సర్దే దశ

ఫోల్డర్లు ఎలా అమర్చాలి? ‘ఎస్ఆర్‌సీ’ ఫోల్డరు ఎందుకంటారు?

ప్రాజెక్టు ఫోల్డరులో పైప్రాజెక్ట్ ఫైలు, రీడ్‌మీ, లైసెన్సు, పరీక్షల ఫోల్డరు, ‘ఎస్ఆర్‌సీ’ అనే ఫోల్డరు ఉంటే చాలు. ఎస్ఆర్‌సీ లోపల మిర్చిలెక్క ఫోల్డరు, దానిలో కోడ్ ఉంటాయి. ఈ అదనపు అంతస్తు అలంకారం కాదు. మీరు పైథాన్‌ను ఏ ఫోల్డరు నుంచి తెరుస్తారో ఆ ఫోల్డరులోనే అది ముందుగా వెదుకుతుంది. కోడ్ ప్రాజెక్టు ఫోల్డరులో నేరుగా ఉంటే, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలో సగం ఫైళ్లు లేకపోయినా పక్కనే ఉన్న అసలు కోడ్ దొరికి, పరీక్షలన్నీ నెగ్గినట్టే కనిపిస్తాయి. లోపం అవతలివారి కంప్యూటర్లో బయటపడుతుంది. ఎస్ఆర్‌సీ లోపల పెడితే ఇన్‌స్టాల్ చేయకుండా ఇంపోర్ట్ కుదరదు కనుక ఆ తప్పు మీ దగ్గరే పట్టుబడుతుంది.

పైప్రాజెక్ట్ ఫైలులో తప్పనిసరిగా ఏమేమి రాయాలి?

‘ప్రాజెక్ట్’ విభాగంలో పేరు, వెర్షన్ రెండే తప్పనిసరి. వీటికి తోడు ‘బిల్డ్-సిస్టమ్’ విభాగంలో ప్యాకేజీ కట్టే పరికరం పేరు రాయాలి: సెటప్‌టూల్స్, హ్యాచ్‌లింగ్, ఫ్లిట్ వంటివాటిలో ఏదైనా పనిచేస్తుంది, ఈ పరిమాణం మాడ్యూలుకు ఎంపికలో పెద్ద తేడా రాదు. ఒక వాక్యం వర్ణన, రీడ్‌మీ ఫైలు పేరు, లైసెన్సు రాయడం మర్యాద.

వదలకూడని వివరం ఇంకొకటి ఉంది, ‘రిక్వైర్స్-పైథాన్’. కొట్లలో పాత కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉంటాయి. విండోస్ 7 మీద పనిచేసే చివరి పైథాన్ 3.8. మీ కోడ్‌లో 3.10లో వచ్చిన ‘మ్యాచ్’ వాక్యం ఉంటే ‘3.10 లేదా ఆపైన’ అని ఈ వివరంలో రాయాలి. అప్పుడు పాత కంప్యూటర్లో పిప్ ఇన్‌స్టాల్‌కే ఒప్పుకోక కారణం చెబుతుంది. రాయకపోతే నిశ్శబ్దంగా ఇన్‌స్టాల్ అయిపోయి, వాడబోయినప్పుడు సింటాక్స్ లోపం చూపుతుంది. అవతలివారు తప్పు మీ కోడ్‌దే అనుకుంటారు.

మిర్చి రకాల పేర్ల ఫైలు నా దగ్గర దొరుకుతోంది, ఇన్‌స్టాల్ చేసిన చోట ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అంటోంది. ఎందుకు?

దీనికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, రెండింటినీ చూసుకోవాలి. మొదటిది, ఆ ఫైలు ప్యాకేజీలోకి ఎక్కనే లేదు. తేజ, 334, 341, బ్యాడిగి వంటి రకాల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా ఉంచారనుకుందాం. అది పైథాన్ ఫైలు కాదు కనుక సెటప్‌టూల్స్ దాన్ని తనంతట తాను చేర్చకపోవచ్చు. పైప్రాజెక్ట్ ఫైలులో ‘ప్యాకేజ్-డేటా’ కింద సీఎస్‌వీలను చేర్చమని రాయాలి. హ్యాచ్‌లింగ్ మాత్రం ప్యాకేజీ ఫోల్డరులో ఉన్నవాటిని, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పరికరం) వదిలేయమన్నవి మినహా, చేర్చేస్తుంది. ఏ పరికరమైనా ఆ ఫైలు మాత్రం మిర్చిలెక్క ఫోల్డరు లోపలే ఉండాలి, బయట ‘డేటా’ అని వేరే ఫోల్డరులో ఉండకూడదు.

రెండో కారణం, కోడ్‌లో ఫైలు పేరును ఒట్టిగా రాయడం. అలా రాస్తే పైథాన్ ఆ ఫైలును వాడేవారు ప్రస్తుతం ఉన్న ఫోల్డరులో వెదుకుతుంది తప్ప మీ ప్యాకేజీ ఉన్న చోట వెదకదు. ప్రామాణిక లైబ్రరీలోని ‘ఇంపోర్ట్‌లిబ్ డాట్ రిసోర్సెస్’ ద్వారా తెరిస్తే ప్యాకేజీ ఎక్కడ ఉన్నా దొరుకుతుంది. దానిలోని ‘ఫైల్స్’ అనే ఫంక్షన్ పైథాన్ 3.9లో వచ్చింది; 3.8 వాడేవారి కోసం రాస్తుంటే ‘రీడ్ టెక్స్ట్’ను వాడుకోవాలి.

తెలుగు పేర్లు నా లినక్స్‌లో బాగానే వస్తున్నాయి, విండోస్‌లో ‘చార్‌మ్యాప్’ అని లోపం వస్తోంది. ఏం చేయాలి?

ఫైలు తెరిచే ప్రతి చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి. చెప్పకపోతే ఇప్పుడు వాడుకలో ఉన్న పైథాన్‌లు ఆ కంప్యూటర్ అమరికను బట్టి ఎన్‌కోడింగ్ ఎంచుకుంటాయి; లినక్స్‌లో అది సాధారణంగా యూటీఎఫ్-8, విండోస్‌లో పాత కోడ్‌పేజీ. ఆ కోడ్‌పేజీలో తెలుగు అక్షరాలకు చోటు లేదు. పైథాన్ 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే డిఫాల్ట్‌గా తీసుకోవాలని పెప్ 686 నిర్ణయించింది, కానీ మీ ప్యాకేజీ వాడేవారందరూ అప్పటికి మారతారని ఆశించలేం.

ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా దాచిన ఫైలుకు మరో పేచీ ఉంది. ఎక్సెల్ ఫైలు మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తుంది. దానివల్ల మొదటి గడి పేరు ‘రకం’ అని కనిపిస్తున్నా కోడ్‌కు సరిపోలదు. చదివేటప్పుడు ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే ఆ గుర్తు తొలగిపోతుంది, గుర్తు లేని ఫైళ్లు కూడా మామూలుగానే తెరుచుకుంటాయి. విండోస్ పాత కమాండ్ కిటికీలో ఒత్తులు విడివిడిగా కనిపిస్తే అది ఆ కిటికీ పరిమితి, మీ ప్యాకేజీ లోపం కాదు.

నా కోడ్ వాడే లైబ్రరీల వెర్షన్లను కచ్చితంగా బిగించాలా?

ఇతరులు ఇంపోర్ట్ చేసుకునే లైబ్రరీ అయితే బిగించకూడదు. మీరు పాండాస్ (పట్టికల లెక్కలు చేసే లైబ్రరీ) ఒకే ఒక్క వెర్షన్ కావాలని పట్టుబడితే, అదే కంప్యూటర్లో మరో ప్యాకేజీ ఇంకో వెర్షన్ అడిగినప్పుడు పిప్ రెండింటినీ కలిపి పెట్టలేదు. మీకు నిజంగా అవసరమైన కనీస వెర్షన్ ఒక్కటే రాయడం మేలు. అసలు ప్రశ్న అంతకు ముందుది: సీఎస్‌వీలో పది వరుసలు చదవడానికి పాండాస్ ఎందుకు? ప్రామాణిక లైబ్రరీలోని సీఎస్‌వీ మాడ్యూలు ఆ పని చేస్తుంది. తగ్గించిన ప్రతి లైబ్రరీ వల్ల ఇన్‌స్టాల్ చేసే చోట ఒక తగాదా తగ్గుతుంది.

గుమాస్తాకు పైథాన్ రాదు. ‘మిర్చిలెక్క’ అని టైపు చేస్తే చాలేటట్టు చేయగలమా?

చేయగలం. పైప్రాజెక్ట్ ఫైలులోని ‘ప్రాజెక్ట్ డాట్ స్క్రిప్ట్స్’ విభాగంలో కమాండ్ పేరు, దానికి ఎదురుగా నడపవలసిన మాడ్యూలు, కోలన్, ఫంక్షన్ పేరు రాస్తే ఇన్‌స్టాల్ సమయంలో పిప్ ఆ కమాండ్‌ను తయారు చేస్తుంది. విండోస్‌లో అది ఈఎక్స్ఈ ఫైలుగా ఏర్పడుతుంది. అయితే ఆ కంప్యూటర్లో పైథాన్ ఉండి తీరాలి. పైథాన్ అసలు లేని చోటికి ఇవ్వాలంటే పైఇన్‌స్టాలర్ వంటి పరికరంతో అన్నీ కలిపిన ప్రోగ్రాము కట్టుకోవాలి. అది వేరే దారి.

లైసెన్సు ఫైలు లేకపోతే ఏమవుతుంది?

లైసెన్సు లేని కోడ్‌ను కాపీ చేసి పంచే హక్కు చట్టప్రకారం ఇతరులకు రాదు, అందరికీ కనిపించే చోట పెట్టినా సరే. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ వంటివాటిలో ఒకటి ఎంచుకుని దాని పూర్తి పాఠాన్ని చేర్చాలి. ఒక్క సంస్థ కోసం డబ్బు తీసుకుని రాసినదైతే, హక్కులు ఎవరివో ముందు వారితో కాగితం మీద తేల్చుకోవాలి.

## కట్టడం, పరీక్షించడం

బిల్డ్ చేస్తే ‘డిస్ట్’ ఫోల్డరులో రెండు ఫైళ్లు వచ్చాయి. ఏది ఇవ్వాలి?

పిప్ ద్వారా ‘బిల్డ్’ను ఇన్‌స్టాల్ చేసుకుని, ప్రాజెక్టు ఫోల్డరులో ‘పైథాన్ -ఎమ్ బిల్డ్’ అని ఇస్తే ఒక టార్ జీజడ్ ఫైలు, ఒక వీల్ ఫైలు వస్తాయి. టార్ ఫైలు ఎండుమిర్చి అయితే వీల్ ఆడించిన కారం: మొదటిది అందుకున్నవారు తమ దగ్గర ఇంకోసారి కట్టుకోవాలి, రెండోది తెరిచి సర్దుకుంటే చాలు. వ్యక్తులకు ఇచ్చేటప్పుడు వీల్ ఇవ్వండి. పైపీఐలో పెట్టేటప్పుడు రెండూ పెట్టడం ఆనవాయితీ. వీల్ పేరు చివర ‘పీవై3-నన్-ఎనీ’ అని ఉంటే అది పైథాన్ 3 ఉన్న ఏ ఆపరేటింగ్ సిస్టంకైనా సరిపోతుందని అర్థం. కేవలం పైథాన్ కోడ్ రాసినా అలా రాకపోతే బిల్డ్ అమరికలో ఏదో తేడా ఉన్నట్టు.

వీల్ నిజానికి జిప్ ఫైలే. పంపే ముందు దాన్ని తెరిచి లోపల ఏమున్నాయో కళ్లారా చూడటం ఒక్క నిమిషం పని. సీఎస్‌వీ ఎక్కిందా, పరీక్ష కోసం పెట్టుకున్న రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలు పొరపాటున ఎక్కిందా అన్న రెండు సంగతులూ అక్కడ తేలిపోతాయి. టార్ ఫైలును కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే వీల్‌లో లేని ఫైళ్లు దానిలో ఉండవచ్చు.

నా కంప్యూటర్లో బాగానే పనిచేస్తోంది, అవతల ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటోంది. ఎలా ముందే కనిపెట్టాలి?

మీ కంప్యూటర్లో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసుకున్న లైబ్రరీలన్నీ ఉంటాయి కనుక, పైప్రాజెక్ట్ ఫైలులో రాయడం మరిచినవి కూడా మీకు దొరుకుతాయి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (మిగతావాటితో కలవకుండా వేరుగా ఉండే పైథాన్ అమరికను) సృష్టించి, ప్రాజెక్టుకు సంబంధం లేని మరో ఫోల్డరులోకి వెళ్లి, వీల్ ఫైలును ఇన్‌స్టాల్ చేసి, ఇంపోర్ట్ చేసి, తెలిసిన ఒక చీటీ లెక్కను సరిచూడాలి. ఫోల్డరు మారడం ముఖ్యం. లేకపోతే మీ అసలు కోడే దొరికి పరీక్ష అర్థం లేనిదవుతుంది. ఆపైన వీలుంటే ఒక విండోస్ కంప్యూటర్లో కూడా చూడాలి, ఎందుకంటే ఇక్కడి కొట్లలో ఎక్కువగా ఉన్నది అదే.

చిన్న మార్పు చేసినప్పుడల్లా తిరిగి కట్టి ఇన్‌స్టాల్ చేయాలా?

రాసుకునే దశలో అక్కరలేదు. ప్రాజెక్టు ఫోల్డరులో ‘పిప్ ఇన్‌స్టాల్ -ఈ’ తరువాత ఒక చుక్క ఇస్తే ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ మీ కోడ్‌నే చూస్తూ ఉంటుంది. కమాండ్ పేర్లు, కావలసిన లైబ్రరీల వంటివి పైప్రాజెక్ట్ ఫైలులో మార్చినప్పుడు మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇతరులకు ఇచ్చే ముందు చేసే చివరి పరీక్ష వీల్ ఫైలుతోనే జరగాలి.

వెర్షన్ సంఖ్యలో ఎప్పుడు ఏ అంకె పెంచాలి?

ఎక్కువమంది పాటించే పద్ధతిలో మూడు అంకెలుంటాయి: తప్పు సరిదిద్దితే చివరిది, పాతవాటిని చెడగొట్టకుండా కొత్త సదుపాయం చేరిస్తే మధ్యది, పాత కోడ్ పనిచేయకుండా పోయే మార్పు చేస్తే మొదటిది పెంచాలి. చెప్పినంత సులువు కాదు. మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించే పద్ధతిని మార్చారనుకోండి: ఫంక్షన్ పేరు మారలేదు, ఇచ్చే వివరాలు మారలేదు, వచ్చే సొమ్ము మాత్రం మారింది. రాసినవారికి అది చిన్న సవరణ. నిన్నటి చీటీని ఈరోజు మళ్లీ తీసి చూసేవారికి లెక్కే తప్పింది. డబ్బు లెక్కలో అలాంటి మార్పుకు మొదటి అంకె పెంచడమే న్యాయమని మా అభిప్రాయం. 1.10 అనేది 1.9 కంటే కొత్తదని కూడా గుర్తుంచుకోవాలి. ఇవి దశాంశాలు కావు. 1.0 తరువాత ‘ఆర్‌సీ1’ అని చేర్చినది ముందస్తు విడుదల. అసలు విడుదల అందుబాటులో ఉన్నంత వరకు, ప్రత్యేకంగా అడిగితే తప్ప పిప్ దాని జోలికి పోదు.

## బయటికి ఇచ్చే దశ

పైపీఐలో పెట్టి తీరాలా?

అక్కరలేదు. పైపీఐ ప్రపంచమంతటికీ తెరిచిన గోదాము. అక్కడ పెట్టినది ఎవరైనా దించుకుని చదవవచ్చు. ఒక కొట్టుకు, ఒక కళాశాల ల్యాబ్‌కు పనికొచ్చే మాడ్యూలును పెన్‌డ్రైవ్‌లో గాని, ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఉమ్మడి ఫోల్డరులో గాని వీల్ ఫైలుగా ఇస్తే పిప్ దానినే ఇన్‌స్టాల్ చేస్తుంది. లక్షల కామాలు పెట్టే ఫంక్షన్ సంగతి వేరు. పైథాన్ స్వతహాగా మూడేసి అంకెలకు కామా పెడుతుంది కనుక అలాంటిది చాలామందికి ఉపయోగం. దాన్ని విడదీసి పైపీఐలో పెట్టడం సబబు.

పైపీఐలో పెట్టడానికి ఏమి కావాలి?

ఖాతా, రెండంచెల ధ్రువీకరణ, టోకెన్, అప్‌లోడ్ చేసే ‘ట్వైన్’ అనే పరికరం కావాలి. 2024 జనవరి 1 నుంచి అందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. పాస్‌వర్డ్‌తో అప్‌లోడ్ చేసే రోజులు పోయాయి. ఖాతాలో టోకెన్ సృష్టించుకుని దానినే వాడాలి, దాన్ని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లోకి ఎక్కించకూడదు. ముందుగా టెస్ట్‌పైపీఐలో (ప్రయోగాల కోసం వేరుగా ఉంచిన పైపీఐలో) ప్రయత్నించడం మంచిది. దానికి వేరే ఖాతా తెరవాలి.

తప్పున్న వెర్షన్ పెట్టేశాను. తీసేసి అదే సంఖ్యతో మళ్లీ పెట్టవచ్చా?

కుదరదు. ఒకసారి వాడిన ఫైలు పేరును, తొలగించినా సరే, పైపీఐ మళ్లీ ఒప్పుకోదు. 1.0.1 అని కొత్తది పెట్టి, తప్పున్నదాన్ని ‘యాంక్’ చేయాలి. యాంక్ చేసిన వెర్షన్ అక్కడే ఉంటుంది, కానీ ఎవరైనా కచ్చితంగా ఆ సంఖ్యనే కోరితే తప్ప పిప్ దాన్ని ఎంచుకోదు.

## ఇన్‌స్టాల్ చేసే చోట

యార్డు దగ్గర కొట్లో నెట్ సరిగా రాదు. అక్కడ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి?

నెట్ ఉన్న చోట ‘పిప్ డౌన్‌లోడ్’ కమాండ్‌తో మీ వీల్‌ను, దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ ఒక ఫోల్డరులోకి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. అక్కడ పిప్ ఇన్‌స్టాల్‌కు ‘నో-ఇండెక్స్’ అని, ‘ఫైండ్-లింక్స్’ ఎదుట ఆ ఫోల్డరు దారి అని, రెండు మాటలకూ ముందు రెండేసి హైఫన్లు పెట్టి ఇస్తే పిప్ బయటికి పోకుండా ఆ ఫోల్డరులోనే వెదుకుతుంది. ఒక జాగ్రత్త: మీ లినక్స్ కంప్యూటర్లో దించితే నంపై వంటి లైబ్రరీలకు లినక్స్ వీల్‌లే వస్తాయి, అవి కొట్లోని విండోస్‌కు పనికిరావు. అదే రకం ఆపరేటింగ్ సిస్టం, అదే పైథాన్ వెర్షన్ ఉన్న కంప్యూటర్లో దించడం తేలిక మార్గం.

ఉబుంటులో ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఆపేస్తోంది. ప్యాకేజీ తప్పా?

ప్యాకేజీ తప్పు కాదు. డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని, ఆపరేటింగ్ సిస్టం సొంతంగా వాడుకునే పైథాన్‌లో పిప్ చేయి పెట్టకుండా ఆపుతున్నారు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించి దానిలో ఇన్‌స్టాల్ చేయాలి; కమాండ్‌గా మాత్రమే వాడే ప్రోగ్రాముకు పిప్‌ఎక్స్ అనే పరికరం ఆ పని తానే చేసిపెడుతుంది. ‘బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ అని చేర్చితే అడ్డు తొలగుతుందని చెప్పే సలహాలు కనిపిస్తాయి. ఆ పేరే హెచ్చరిక.

విండోస్‌లో ‘పిప్’ గుర్తించడం లేదు, ‘పైథాన్’ అంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోంది.

పైథాన్ ఇన్‌స్టాల్ కాలేదు, లేదా అయినా దాని దారి పాత్‌లో (కమాండ్ల కోసం విండోస్ వెదికే ఫోల్డర్ల జాబితాలో) చేరలేదు. పైథాన్ వెబ్‌సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్‌తో పెట్టి ఉంటే ‘పీవై -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని ఇచ్చి చూడండి. చాలాసార్లు అదే సరిపోతుంది.

కొత్త వెర్షన్ వేయగానే కొట్టువారు మార్చుకున్న తరుగు, కమీషన్ అన్నీ పాతవైపోయాయి. ఎందుకు?

వారు మార్చుకునే వివరాలను ప్యాకేజీ లోపలి ఫైలులోనే దాస్తున్నారు కనుక. కొత్త వెర్షన్ వేసేటప్పుడు పిప్ పాత వెర్షన్ ఫైళ్లను తొలగించి కొత్తవి పెడుతుంది. వాటిలో ఎవరు ఏమి మార్చారో చూడదు. ప్యాకేజీలో వెళ్లే ఫైలు తొలి విలువలకు మాత్రమే పరిమితం కావాలి. వాడేవారి మార్పులను వారి హోమ్ ఫోల్డరులో వేరే ఫైలుగా దాచి, అది ఉంటే దాన్ని, లేకపోతే ప్యాకేజీలోని దాన్ని చదివేటట్టు రాయాలి. ఇప్పటికే వాడుతున్నవారికి ఈ మార్పు ఇచ్చేటప్పుడు పిప్ అప్‌గ్రేడ్ కొట్టకముందే వారి పాత ఫైలును చేత్తో నకలు తీసి కొత్త చోట పెట్టాలి. ఆ తరువాత చేస్తే నకలు తీయడానికి ఏమీ మిగలదు.